అడిగి నడిచిన దారి

ఒక్క వాక్యం దగ్గర మా నాయన సంతకం పెట్టకుండా ఆగిపోయాడు. గిద్దలూరులో లాయరు గారు రాసిన దావా కాగితాల్లో ఆ వాక్యం ఇలా ఉంది: "వాది గత నలభై సంవత్సరములుగా సదరు బండిబాటను ఎవరి అనుమతీ లేకుండా, బహిరంగముగా, నిరాటంకముగా, హక్కుగా అనుభవించుచున్నాడు." నాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "అనుమతి లేకుండా ఏందిరా? ఏటా అడుగుతానే ఉండా గదా," అన్నాడు నావైపు తిరిగి. లాయరు గారు నవ్వారు. "ఆ మాటే కోర్టులో అనొద్దంటున్నా పెద్దాయనా!"

మా చేను గిద్దలూరుకీ కంభానికీ మధ్య ఒక పల్లెలో ఉంది. ఏడెకరాల మెట్ట. కంది, మిరప, బోరులో నీళ్ళున్న ఏడు కాస్త పత్తి. రోడ్డుకీ మాకూ మధ్య ఇంకొకరి చేను. దాని గట్టు వెంబడి ఎద్దులబండి పట్టేంత బాట. నేను పుట్టకముందు నుంచీ మావాళ్ళు పోయేది, వచ్చేది అందులోంచే. ఆ చేను ఆసామిని నాయన మామా అని పిలిచేవాడు కాబట్టి నాకు తాత. ప్రతి ఏడూ తొలకరికి ముందు నాయన వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చునేవాడు. "మామా, ఈ ఏడు గూడా మీ గట్టు మీదనే తోలుకుంటా." ఆయన, "తోలుకోరా, గట్టేమన్నా అరిగిపోతాదా," అనేవాడు. కంది నూర్చినాక ఒక మూట వాళ్ళింటికి పోయేది. చిన్నప్పుడు చాలాసార్లు సైకిల్ మీద దాన్ని మోసుకుపోయింది నేనే. అది బాడుగ కాదు. ఎంత ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు, పంట పోయిన ఏడు ఇవ్వలేదు, ఎందుకివ్వలేదని వాళ్ళూ అడగలేదు.

తాత పోయాడు. ఆయన కొడుకు, నాకు మామ వరస, బత్తాయి మొక్కలు పెట్టి డ్రిప్పు వేశాడు. ఏడాదిన్నర కింద బాట మొదట్లో రాతి కూసాలు పాతాడు. మధ్యలో సందు వదిలాడు. మనిషి పడతాడు, బండి పట్టదు. మాకింకో దారి లేదా అంటే ఉంది. ఊరి డొంక మీదుగా చుట్టూ తిరిగి, వాగు దాటి పోవాలి. ఎండాకాలం పరవాలేదు. వాన పడితే ట్రాక్టరు దిగబడుతుంది. పోయిన ఏడు మిరప మూటల్ని వాగు దాకా నెత్తిన మోయించాం. కూలికయిన ఖర్చు చూసి నాయన చేను కౌలుకిచ్చేద్దామన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి అంతకు ముందెప్పుడూ ఆ మాట అనలేదు. నేను లాయరు దగ్గరికి పోయింది ఆ మాట విన్నాకే.

చట్టం సంగతి అక్కడే తెలిసింది. తర్వాత రాత్రుళ్ళు కూర్చుని నేనే చదువుకున్నాను. ఇంజనీరింగు చదివిన వాడికి మాన్యువల్ చదవడం ఒక జబ్బు. భారత ఈజ్‌మెంట్ల చట్టం 1882 జూలై 1న అమల్లోకి వచ్చింది. మొదట వర్తించిన కొద్ది ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. గిద్దలూరు, మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లా, అంటే మద్రాసు కిందే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాం, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, మా గట్టు మీద చట్టం మాత్రం మొదటి నుంచీ ఒకటే.

అందులో 13వ సెక్షన్ అవసరం గురించి చెబుతుంది. ఒకరి కింద ఉన్న భూమి రెండు ముక్కలై, ఒక ముక్కకు దారే లేకుండా పోతే రెండోదాంట్లోంచి దారి ఇవ్వాలి. మాకది కుదరదు. రెండు చేలూ ఎప్పుడూ ఒకరివి కావు, పైగా డొంక ఉంది. డొంక దూరం, వాగు అడ్డం, ఇవన్నీ అసౌకర్యాలే గాని అవసరం కిందికి రావు. 15వ సెక్షన్ అలవాటు గురించి. ఇరవై ఏళ్ళు శాంతంగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా ఒక దారిని వాడుకుంటే అది హక్కే అవుతుంది. ఆ ఇరవై ఏళ్ళూ దావా వేయడానికి ముందు రెండేళ్ళలోపు ముగిసి ఉండాలి. కూసాలు పాతి ఏడాదిన్నర దాటింది కాబట్టి మాకు మిగిలింది కొన్ని నెలలే.

చిక్కంతా 'హక్కుగా' అనే మాటలో ఉంది. అనుమతి అడిగి నడిచినవాడు హక్కుగా నడిచినట్టు కాదు. ఇరవై కాదు, నలభై ఏళ్ళు నడిచినా వాడి చేతిలో ఉండేది లైసెన్సు. ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. దానికో మినహాయింపు కూడా ఉంది. అనుమతిని నమ్ముకుని సొంత డబ్బుతో శాశ్వతమైన పనేదైనా చేసి ఉంటే వెనక్కి తీసుకోవడానికి లేదు. "అట్లాంటిదేమన్నా చేయించారా?" అని లాయరు గారు ఆశగా అడిగారు. రెండు ట్రాక్టర్ల మొరం తోలించాం. ఆ ఏడు వానకే కొట్టుకుపోయింది.

కాబట్టి మేము గెలవాలంటే నాయన అడగలేదని చెప్పాలి. తాత అరుగు, "తోలుకోరా" అన్న మాట, కంది మూట, ఏవీ కోర్టులో వినపడకూడదు. నలభై ఏళ్ళు మాటా పలుకూ లేకుండా పక్కోడి గట్టు మీద బండి తోలిన మొరటువాడైతే నాయనకు హక్కు ఉంది. మర్యాదస్తుడు కాబట్టి లేదు. ఇది తెలిసిన రాత్రి నాకు బాగా కోపం వచ్చింది.

దారి మూసుకుపోవడం గురించి నేను మొదటిసారి ఆలోచించింది మా ఊళ్ళో కాదు, మిషిగన్‌లో. కంపెనీ పని మీద రెండు చలికాలాలు డెట్రాయిట్‌కి పడమరగా, ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఒక అద్దె ఇంట్లో ఉన్నాను. ఇంటి నుంచి రోడ్డు దాకా పొడుగాటి డ్రైవ్‌వే. మంచు పడ్డ తెల్లారి గంటన్నర తవ్వి కారుకు దారి చేసుకుంటే, అంతలో రోడ్డు శుభ్రం చేసే బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా పక్కకు నెట్టుకుంటూ పోయేది. అది మా వాకిలి మొదట్లో మోకాలెత్తు గట్టులా పేరుకునేది. అందరి దారి తెరవడానికి నా దారి మూశారు! ఆ మంచును ఎత్తి మళ్ళీ రోడ్డు మీద పోద్దామంటే కుదరదు. బండి నడిపేవాళ్ళ చూపుకు అడ్డమయ్యేలా రోడ్డు మీదికి గాని, రోడ్డు దాటించి అవతలికి గాని మంచు తోయకూడదని ఆ రాష్ట్ర వాహన చట్టంలో ఉంది. నీ వాకిట్లో పడ్డది నువ్వే నీ స్థలంలో ఎక్కడో పెట్టుకోవాలి. మార్కాపురం పలకల గనుల వైపు పోయినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పలక పనికొస్తుంది, చెత్తరాయి గుట్ట పడుతుంది, ఆ గుట్ట ఎవరో ఒకరి దారికి అడ్డం ఉంటుంది.

అక్కడి మంచు చట్టాల్లో ఒక పాత సూత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆకాశం నుంచి పడ్డ మంచు పడ్డట్టే ఉండి దాని మీద ఎవరైనా జారిపడితే స్థలం యజమానికి బాధ్యత లేదు. యజమాని ముట్టుకుని, కుప్ప వేసి, అది కరిగి మళ్ళీ గడ్డ కట్టి ఎవరైనా జారితే మాత్రం బాధ్యత ఉంటుంది. అంటే ఏమీ చేయనివాడు క్షేమం, చేయి పెట్టినవాడు దొరికాడు. మసాచుసెట్స్‌లో ఈ సూత్రం నూరేళ్ళకు పైగా నడిచాక, 2010లో పపడోపులోస్ అనే కేసులో అక్కడి పై కోర్టు దాన్ని కొట్టేసింది. మంచు ఎలా పేరుకున్నా, యజమాని తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే చూడాలంది. నాకు ఊరట అనిపించింది. మంచి చేసేవాడికి శిక్ష వేసే లెక్కను ఒక కోర్టయినా దిద్దుకుంది కదా అని.

ఆ ఇంటి పక్కన ఒక ముసలాయన ఉండేవాడు. మంచు ఊదే మిషనుతో తన వాకిలి శుభ్రం చేసుకుని, అదే ఊపులో మా వాకిలి మొదట్లోని గట్టును కూడా తీసేసేవాడు. నేను అడగలేదు. మొదటిసారి థాంక్స్ చెప్పి, అమ్మ పంపిన అరిసెలు ఇచ్చాను. రెండో చలికాలానికి పొద్దున్నే లేవడం మానేశాను. ఒకరోజు ఆయన రాలేదు. ఆఫీసుకి ఆలస్యమై, పార పట్టుకుని తవ్వుతూ ఆయన మీద విసుక్కున్నాను. సాయంత్రం తెలిసింది, నడుం పట్టేసి పడుకున్నాడని. ఒక మనిషి దయ నా మనసులో ఎప్పుడు ఆయన డ్యూటీ అయిపోయిందో నాకే తెలియలేదు. దానికి ఇరవై ఏళ్ళేమీ పట్టలేదు, ఒకటిన్నర చలికాలం చాలింది.

మా పల్లెలో దారి మూయడం అంటే అసలు తప్పనే అనుకోరు. పెళ్ళికి వీధికి అడ్డంగా షామియానా వేస్తారు. మిరపకాయలు, కందులు తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. ట్రాక్టరు ట్రక్కు ఎవరి గుమ్మం ముందు ఖాళీ ఉంటే అక్కడ నిలబెడతారు. వీటికీ ఒక పద్ధతి ఉంది. షామియానా వేసేముందు అటూ ఇటూ నాలుగు ఇళ్ళకు చెప్పాలి. కాయలు ఆరబోసినవాడు బస్సుకు ఒక చక్రం పట్టేంత వదలాలి. ట్రక్కు పెట్టినవాడు రాత్రి ఎవరు పిలిచినా లేచి రావాలి. చెప్పకుండా పెడితే తగాదా, చెప్పి పెడితే సర్దుబాటు. అడగడమే ఇక్కడ చట్టం. (బస్సు డ్రైవర్లను అడిగితే ఈ పద్ధతి గురించి వేరే కథ చెబుతారు. మోటార్ సైకిళ్ళు జారి ఎముకలు విరిగినవాళ్ళూ చెబుతారు. నేను దాన్ని పొగడటం లేదు.)

దారి ఎవరు ఎవరికి వదలాలన్న పట్టిక మనకు పాతదే. ఆపస్తంబ ధర్మసూత్రంలో బరువు మోసేవాడికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలని ఉంది. మనుస్మృతి ఆ వరసలో పెళ్ళికొడుకుని కూడా చేర్చింది, మా షామియానాలకు శాస్త్రాధారం దొరికినట్టే! కానీ అదే పట్టికలో రాజు ఎదురైతే బ్రాహ్మణుడికి దారి వదలాలనీ ఉంది. తరతరాల అలవాటు అనే మాట ఎత్తినప్పుడల్లా ఇది గుర్తుంచుకోవాలి. తరతరాల అలవాటు ప్రకారమే మా జిల్లాలోనూ ఎన్నో ఊళ్ళలో కొన్ని వీధుల్లో కొందరు చెప్పులతో నడవలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరాల జాబితాలో, పదిమంది వెళ్ళే చోటికి ఆనవాయితీగా ఉన్న దారి హక్కును ఆపడం కూడా చేర్చాల్సి వచ్చిందంటే, దారి మూయడం ఊళ్ళో ఎంత పాత ఆయుధమో తెలుస్తుంది. అక్కడ అడగడం మర్యాద కాదు, అవమానం. శ్మశానానికి శవాన్ని మోసుకుపోయేవాళ్ళు ప్రతిసారీ ఎవరి అరుగు ముందో నిలబడి అడగాలా? వాళ్ళకు కావాల్సింది హక్కే. అందుకే చట్టం దయను, హక్కును విడదీయడం తప్పని నేను అనలేను. నాయన, తాత ఇద్దరూ ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోగలిగినవాళ్ళు కాబట్టి ఆ అడగడం అందంగా కనిపించింది.

కోపం తగ్గాక ఆ సూత్రాన్నే మళ్ళీ చదివాను. ఇది 1882లో పుట్టింది కాదు. రోమన్ చట్టంలోనే ఉంది. అలవాటుతో హక్కు రావాలంటే ఆ వాడకం బలవంతంగా ఉండకూడదు, దొంగచాటుగా ఉండకూడదు, బతిమాలి పొందిందిగా ఉండకూడదు. ఇంగ్లీషులో నిలకడ లేని బతుకుని ప్రికేరియస్ అంటారు. దాని మూలం ఆ మూడోదే, అంటే ప్రాధేయపడి పొందినది. మొదట్లో నాకు క్రూరంగా కనిపించిన ఈ మూడో షరతులో ఒక తెలివి ఉంది. అనుమతి ఇచ్చినంత మాత్రాన హక్కు పుట్టేటట్టయితే ఎవడూ అనుమతి ఇవ్వడు. ఇరవయ్యో ఏడు రాకముందే అందరూ కూసాలు పాతుతారు. అడిగినవాడికి హక్కు రాదు అని చెప్పడం ఇచ్చేవాడికి భరోసా. ఇవ్వు, నీ భూమికేమీ కాదు అని.

మరి ఆ భరోసా ఉండగా మామ కూసాలు ఎందుకు పాతాడు? ఈ ప్రశ్న నాకు ముందే రావాల్సింది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, లాయరుకి చెప్పకుండా, మామనే అడిగాను. ఆయన తోటలో పైపులు సరిచేస్తున్నాడు. ట్రాక్టరు చక్రం కింద నలిగిన పైపు ముక్క ఒకటి తీసి నాకు చూపించి అవతల పడేశాడు.

"మీ నాయన ఉన్నన్నాళ్ళూ సరే అల్లుడూ. మీ నాయన అడిగినాడు, మా నాయన ఇచ్చినాడు. రేపు నువ్వొస్తావు. నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?"

నేను మాట్లాడలేదు. అడగలేదు. కారు కొన్నాక మూడుసార్లు ఆ బాట మీదే చేను దాకా తోలుకుపోయాను. మా దారే కదా అనుకున్నాను. ఒకసారి ఆయన ఎదురైతే అద్దం దించి చేయి ఊపాను. ఆ మూడుసార్లూ లాయరు గారి భాషలో చెప్పాలంటే బహిరంగంగా, నిరాటంకంగా, హక్కుగా.

మామ భయం అర్థమైంది. చట్టం ఇచ్చే భరోసా కాగితం మీద ఉన్నది కాదు. అడిగినవాడు రేపు కోర్టులో నిలబడి "అవును, అడిగాను" అంటేనే అది పనికొస్తుంది. పుచ్చుకున్నవాడి నోట్లో ఉంది ఇచ్చినవాడి క్షేమం. తాతకి మా నాయన నోటి మీద నమ్మకం. మామకి నా నోటి మీద లేదు. ఎందుకుండాలి? ఆయన అనుమానం నిజమేనని రుజువు చేసే కాగితం అప్పటికే నా లాప్‌టాప్‌లో ఉంది.

డేవిడ్ హ్యూమ్ ఇద్దరు మనుషులు ఒకే పడవను తెడ్లతో నడపడం గురించి రాశాడు. ఒకరికొకరు మాట ఇచ్చుకోకపోయినా చేతులు కలిసి కదులుతాయి. ఆస్తి, భాష, డబ్బు అన్నీ అలాంటి ఒప్పందాల నుంచే పుట్టాయంటాడు. మా గట్టు మీది బాట కూడా అలాంటిదే అని మొదట్లో ఈ వ్యాసానికి నోట్సు రాసుకున్నాను. హక్కు కాదు, దయ కాదు, మూడోదేదో అని. మా వృత్తి భాషలో చెప్పాలంటే, చట్టం ఆ గడిలో ట్రూ, ఫాల్స్ తప్ప ఇంకేమీ పట్టనివ్వదని వాదించాలనుకున్నాను. ఇప్పుడు ఆ వాదన నా వీలుకోసం చేసుకున్నదిలా కనిపిస్తోంది. హ్యూమ్ పడవలో ఒకడు తెడ్డు ఎత్తి కూర్చుంటే రెండోవాడు ఎంతసేపు తోస్తాడు? మా వైపు తెడ్డు నాయన ఏటా వేసే ఆ ఒక్క ప్రశ్నే. నా చేతికొచ్చేసరికి ఆగిపోయింది.

ఇక ఆ వాక్యం. 1797లో కాంట్ ఒక వ్యాసం రాశాడు. స్నేహితుడిని చంపడానికి వచ్చిన హంతకుడు అతను లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదని. కాలేజీ రోజుల్లో చదివి నవ్వుకున్నాను. ఇప్పటికీ ఆ విషయంలో కాంట్ తప్పనే నా అభిప్రాయం. కానీ నాయన సంతకం పెట్టకపోవడానికి కారణం కాంట్ కారణం కాదు. నేను వాదించి చూశాను. కోర్టు భాష వేరు నాయనా, అందులో అనుమతి అంటే రాతపూర్వకమైనదని అర్థం, నువ్వు అడిగింది మాటవరసకే అని. ఇవి సగం అబద్ధాలు, పూర్తి అబద్ధం కంటే ఎక్కువ సిగ్గుపడాల్సినవి. నాయన అంతా విని అన్నాడు: "అడగలేదని రాస్తే, మీ తాత ఇయ్యలేదని రాసినట్టే గదరా. నలభై ఏండ్లు ఇచ్చినాడు. సచ్చిపోయినోని మీద అట్ల రాస్తే ఎట్లా?"

ఆ కోణం నాకు తట్టనే లేదు. అబద్ధమంటే నిజానికి చేసే అపచారం అనుకుంటూ ఉన్నాను. అది తాతకు చేసే దొంగతనం. ఆయన ఇచ్చినదాన్ని మేము తీసుకున్నట్టుగా మార్చడం.

మహారాష్ట్రలో రైతుకి పొలానికి పోయే దారి కావాలంటే తహసీల్దారుకి అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడి 1966 నాటి భూమి రెవెన్యూ చట్టంలో 143వ సెక్షన్ ప్రకారం, పొలాల సరిహద్దు గట్ల మీదుగా దారి అవసరమా, ఎంత అవసరం అని విచారించి ఆయన తేల్చవచ్చు. అక్కడ ప్రశ్న 'నువ్వు అడిగావా, అడగలేదా' అని కాదు, 'నీకు ఎలా పోతే సబబు' అని. మన దగ్గర పట్టా భూమి మధ్య బాట తగాదా చివరికి సివిల్ కోర్టుకే చేరుతుంది. ఇలాంటి సెక్షను మనకూ ఉంటే నాయన ఉన్నది ఉన్నట్టు చెప్పి కూడా దారి అడగగలిగేవాడు. గెలుస్తాడని కాదు. నిజం చెప్పినందుకే ఓడిపోడు.

గడువు ఇంకో మూడు నెలలుంది. మామ ఒక మాట అన్నాడు. పైపులు పూడ్చి పైన సిమెంటు తూములు వేస్తే ట్రాక్టరు పోనిస్తానని, ఖర్చు మీరు పెట్టుకోవాలని, కానీ అది అనుమతేనని కాగితం మీద నేను సంతకం పెట్టాలని. నాయన కాదు, నేను. లాయరు గారికి చెబితే, అట్లాంటి కాగితం మీద సంతకం పెడితే దావా అక్కడితో అయిపోయినట్టే అన్నారు. తూముల పని శాశ్వతమైనదైతే ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం మామకీ కష్టమేనట, అందుకే ఆయన లాయరు ఆ కాగితంలో ఇంకో షరతు చేరుస్తాడట. ఈజ్‌మెంట్ల చట్టాన్ని మా రెండిళ్ళ వాళ్ళూ ఇప్పుడు కంఠస్థం చేసేశారు.

ఈ ఏడు కంది తక్కువ పండింది. నాయన అయినా మూట కట్టాడు. కూసాలు పాతాక ఇది రెండోది. మొదటిదాన్ని ఆయనే నడిచి వెళ్ళి ఇచ్చొచ్చాడట, మామ భార్య తీసుకుందట, ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదట. ఇట్లాంటివి ఇవ్వడం వెంటనే మానేయండి, రేపు అవతలి లాయరు దీన్నే సాక్ష్యంగా చూపిస్తాడు అని మా లాయరు గారు గట్టిగా చెప్పారు. నాయన ఆ మూటను కారు డిక్కీలో పెట్టి, "పోయేటప్పుడు ఇచ్చిపో. అట్లే అడిగిరా," అన్నాడు.

డొంక మీదుగానే వెళ్ళాను.